జీడిపిక్కల వీధి విద్యుత్ కేంద్రం

ఆ ఫోను అక్కడ పెట్టేసి ఇలా రా అమ్మడూ. ఇంకా దగ్గరికి. ఇది గట్టిగా చెప్పుకునే కథ కాదు, ఆఫీసువాళ్ళ చెవిన పడితే మనకే నష్టం. పొద్దున్న అడిగావు చూడు, మన బోరింగు పక్కన దిమ్మ మీద ఆ తుప్పు పట్టిన ఇనప పెట్టె ఏమిటి, దానికి ఆ కన్నాలేమిటి, పైన పాలరాతి పలక మీద ‘విద్యుత్ కేంద్రం’ అని ఎందుకు చెక్కారు అని. చెబుతాను. నాకు రెండో తరగతి దాటి చదువు లేదు కానీ, ఒకసారి చెవిన పడ్డ మాట మరి బయటికి పోదు. కమిషనరు గారు తన మాటలు తాను మరిచిపోయి ఉంటారు, నాకు మాత్రం దీర్ఘాలతో సహా గుర్తున్నాయి.

అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్నావు. ఎనిమిదో నెల. సరిగ్గా అప్పుడే బోరింగు పాడైంది. లోపల గొట్టంలో కడ్డీ తెగిపోయింది. పిడి ఎత్తితే లేస్తుంది, నొక్కితే దిగుతుంది, చుక్క రాదు. మా పెద్ద తోడికోడలి పలకరింపులాగ అన్నమాట, ఊపు ఎంతో ఉంటుంది, లోపల తడి ఉండదు.

ఇంకో బోరింగు రైలు గేటుకి అవతల. గేటు పడిందంటే గూడ్సు బండి కదిలేదాకా నెత్తిన బిందెతో నిలబడాల్సిందే. ఓపిక లేనివాళ్ళు గేటు కింద నుంచి దూరిపోయేవారు. మీ అమ్మ కూడా ఆ పొట్టతో దూరబోతే జడ పట్టుకుని వెనక్కి లాగాను.

“పట్టాల మీద కన్నావంటే బిడ్డకి రైలోల్లు పేరెట్టుకుపోతారే!” అన్నాను.

నవ్వింది. నవ్వి, మర్నాడు మళ్ళీ బిందె ఎత్తింది. ఏం చేస్తుంది? నాకు మోకాళ్ళు లేవు, మీ నాన్న తెల్లారకుండా జీడి బట్టీకి పోవాలి. అందుకని నాకు ఒకటే పట్టుదల పట్టుకుంది. నువ్వు భూమ్మీద పడేలోపు మన బోరింగులో నీళ్ళు పడాలి.

ఎదురింటి ఎర్నమ్మ తెలుసు కదా, నోరు విప్పితే గూడ్సు బండి కూడా పక్కకి తప్పుకుంటుంది. దాన్ని వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను.

వెళ్ళేసరికి ఆఫీసు ఆఫీసులా లేదు. బల్లలన్నీ కొత్తవి. ప్రతి బల్ల మీదా అరచేయంత వెదురు మూత. దాన్ని నొక్కితే కప్ప తల ఎత్తినట్టు లోపలి నుంచి ఓ పెట్టె లేస్తుంది. దానికి కరెంటు కన్నం ఒకటి, డేటా కన్నం ఒకటి. మీటింగు హాల్లో పొడుగాటి బల్లకైతే అటూ ఇటూ కన్నాలే, గుంటపొంగనాల పెనంలాగ. గోడలకున్న పాత ప్లగ్గులన్నిటికీ సిమెంటు మెత్తేశారు.

అటెండరు పేరు గురువులు, మన పక్క వీధివాడే. వాణ్ణి అడిగాను, గోడకి ఆ సిమెంటు ఏమిటని.

“అది బొగ్గు కరెంటు నూకాలప్పా. ముట్టుకుంటే మైల. మాది ఇప్పుడు సుస్థిర ఆఫీసు. అంతా పచ్చ కరెంటే.”

“మరా పచ్చ కరెంటు ఎక్కడినుంచి వొస్తాది?”

“రెండో ఇడతలో వొస్తాది. మొదటి ఇడతలో కన్నాలొచ్చినాయి.”

“ఒలమ్మా! ముందు ఊయల కట్టీసి ఆనక సమ్మందం సూస్తారేటి?” అంది ఎర్నమ్మ.

కానీ అమ్మడూ, దాని వెనకాల పెద్ద లెక్కే ఉంది. మేడ మీద ఎండతో కరెంటిచ్చే పలకలు రెండో విడతలో పెడతారు. మొదటి విడత బాగా పనిచేసిందని తేలితేనే రెండో విడత ఇస్తారు. కరెంటు లేని కన్నాలు బాగా పనిచేశాయని ఎలా తేల్చాలి? అందుకోసం పట్నం నుంచి ఒక సలహాదారుని తెప్పించారు. అభినవ్ గారని, చిన్నవాడే, మెడలో కార్డు, చేతిలో రాగి సీసా, కాలు నేల మీద నిలవదు. ఆయన ప్రతి బల్ల కిందా సైకిలు తొక్కుడు యంత్రం బిగించాడు. కూర్చున్నవాళ్ళు తొక్కితే బల్ల మీద కంప్యూటరు వెలుగుతుంది.

మొదట గుమాస్తాలే తొక్కారు. రెండో రోజుకి అందరికీ పిక్కలు పట్టేశాయి. సంతకాలు వంకర్లు పోయాయి. హెడ్ గుమాస్తా గారు ఇంటికెళ్ళి నిద్దట్లో కూడా తొక్కుతుంటే, వాళ్ళావిడ చాప వేరే వేసుకుందట. అప్పుడు కమిషనరు వజ్రేశ్వరరావు గారు ఆర్డరు వేశారు. “సేవను పొందువారే సేవకు కావలసిన శక్తిని సమకూర్చవలెను.”

అంటే పనిమీద వచ్చినవాళ్ళు తొక్కాలి.

మేం వెళ్ళేసరికి ప్రతి బల్ల దగ్గరా ఒకడు తొక్కుతున్నాడు. ఇంటి పన్ను పేరు మార్చుకోవడానికి వచ్చినాయన చెమటలు కారుస్తూ తొక్కుతుంటే, భార్య పక్కన విసురుతోంది. “ఇంకొంచెమండీ, పేజీ తెరుచుకుంటోంది,” అంటోంది. తల్లి పోయిందని రాయించుకోవడానికి ఒకడొచ్చాడు. పాపం, ఏడుస్తూ తొక్కుతున్నాడు. “ఏడుపు తరవాత పెట్టుకోవయ్యా, తెర మసకబారుతోంది,” అన్నాడు గుమాస్తా. ఏడుపు ఆపి తొక్కాడు.

మా వంతు వచ్చింది. నా మోకాళ్ళు చూసి ఎర్నమ్మ కుచ్చెళ్ళు దోపుకుని తానే ఎక్కింది. కంప్యూటరు వెలిగింది. గుమాస్తా ఏదో నొక్కి, “రేపు రండి,” అన్నాడు.

మర్నాడు వెళ్ళాం. ఎర్నమ్మ తొక్కింది. “రేపు రండి.” ఆ మర్నాడూ అంతే. అప్పుడు ఎర్నమ్మ తొక్కడం ఆపేసింది. కంప్యూటరు ఆరిపోయింది.

“ఏటి బావూ, నానేటి నీ అత్తోరింటి ఎద్దుననుకున్నావేటి? ఉన్న ఒక్క మాటనే ఎన్నిసార్లు సెప్తావు?”

పక్కనే ఉన్న అభినవ్ గారు ఆ మాట విని ఎంత సంతోషించాడో! “అదేనమ్మా మా రెండో విజయం. ఇదిగో, ఇది డేటా కన్నం. డేటా కూడా సుస్థిరంగా ఉండాలి కదా? ప్రతిసారీ కొత్త జవాబు తయారు చేస్తే ఎంత శక్తి వృథా! అందుకని ఒకసారి వాడిన జవాబునే మళ్ళీ మళ్ళీ వాడుతున్నాం. ‘రేపు రండి’ అన్నది ఈ ఆఫీసులో ఇంతవరకూ అరగలేదు. చాలా గట్టి జవాబు.”

“నాయనా, నీ జవాబు గట్టిదే, నా కోడలు గట్టిది కాదు,” అన్నాను నేను. “ఎనిమిదో నెల. గేటు దాటి నీల్లు మోస్తోంది. మా కాల్లకి తొక్కుడు అలవాటు నేదు. మాది సేతుల బలం. బోరింగు కొట్టమను, పొద్దల్లా కొడతాం.”

అభినవ్ గారి చేతిలో రాగి సీసా ఆగిపోయింది. “రోజూ కొట్టేవారా?”

“పుట్టి బుద్ధెరిగినకాడినుంచి.”

“వీధి వీధంతా?”

“ఆడోల్లం అందరం.”

“మరి ఆ శక్తంతా ఏమయ్యేది?”

“నీల్లయ్యేది బాబూ.”

“నీళ్ళు కాక మిగతాది?”

“సెమట.”

ఆయన మొహం చూడాలి! ఇంట్లో దొంగలు పడ్డట్టు, “వృథా! ఇన్నేళ్ళుగా వృథా!” అంటూ కమిషనరు గారి గదిలోకి పరిగెత్తాడు.

మర్నాడు తెల్లారేసరికి జీపు, దాని వెనకాల లారీ, నిచ్చెనలు, మనుషులు. వారాలుగా చుక్క రాని బోరింగుకి మధ్యాహ్నం లోపల కొత్త కడ్డీ వేశారు. పిడికి ఒక పళ్ళ చక్రం తగిలించారు. అక్కణ్ణించి స్తంభాల మీదుగా ఆఫీసుదాకా తీగ లాగారు. కమిషనరు గారు స్వయంగా వచ్చారు. మీసం కూడా ఇస్త్రీ చేసుకున్నట్టుండే మనిషి. దిమ్మకి ఈ పాలరాతి పలక పెట్టించి, కాగితం విప్పి చదివారు.

“జీడిపిక్కల వీధియందు మహిళాశక్తి చిరకాలముగా నీటి రూపమున వ్యయమగుచున్నట్లు పరిశీలనలో తేలినది. కావున ఇకమీదట దీనిని బోరింగు అని పిలువరాదు. ఇది మానవ చోదిత విద్యుత్ కేంద్రము. నీరు ఉప ఉత్పత్తి.”

“ఉప ఉత్పత్తంటే ఏటప్పా?” ఎర్నమ్మ నా చెవిలో అడిగింది.

“గానుగాడితే తెలకపిండి మిగల్లేదేటే? అలాగన్నమాట. మనకి తెలకపిండి సాలు,” అన్నాను.

మీ అమ్మ మొదటి బిందె పట్టింది. పాలు పొంగినట్టు నీళ్ళొచ్చాయి. అక్కడ ఆఫీసులో కన్నాలు బతికాయి. ఆ సాయంత్రం అందరికీ బెల్లం పంచాను. తొందరపడ్డాను అమ్మడూ. ఆఫీసువాళ్ళు ఇచ్చినదానికి అదే రోజు బెల్లం పంచకూడదు.

ఎందుకంటే మన వీధి ఆడవాళ్ళు నీళ్ళు కొట్టేది తెల్లారగట్ల. తొమ్మిదింటికల్లా జీడిపిక్కలు కొట్టడానికి బట్టీలకి పోతారు. ఆఫీసు తెరిచేది పదకొండింటికి. తెల్లారి పుట్టిన కరెంటు ఖాళీ బల్లల దగ్గరికి పోయి వెనక్కి వస్తోందట. దాచడానికి బ్యాటరీ లేదా అంటే, అది మూడో విడత. వెంటనే ఇంకో ఆర్డరు. “కార్యాలయము తెరువని వేళ కేంద్రమును నడుపుట జాతీయ నష్టము.” బోరింగు పిడికి గొలుసు వేసి తాళం బిగించారు. పదకొండుకి గురువులు వచ్చి తీస్తాడు, ఐదింటికి వేస్తాడు.

మా గతేమిటి? కొట్టగలిగినవాళ్ళందరూ బట్టీల్లో ఉండే వేళ నీళ్ళుంటాయి, ఇంట్లో మనుషులుండే వేళ తాళముంటుంది. పదకొండింటికి మేం పట్టిన ఆ రెండు బిందెలూ రాత్రికే అయిపోయేవి, తెల్లారి వంటకి నీళ్ళు లేక మీ అమ్మ మళ్ళీ గేటు దాటింది. తొమ్మిదో నెల వచ్చేసింది. ఒకరోజు ఆగిన గూడ్సు పెట్టెల మధ్య నుంచి వస్తుంటే బండి కదిలింది. గేటుమాన్ ఈల వేసి పరిగెత్తి చెయ్యి పట్టి లాగాడు. బిందె పట్టాల మీద నలిగిపోయింది. మీ అమ్మ ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది.  నేను ఆ నలిగిన బిందెను తెప్పించి చూరుకి తగిలించాను.

ఆ తరవాత నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. మన ఆచారం మనం పాటించామంతే.

మన బోరింగు దగ్గర రెండు కట్టుబాట్లు ఉన్నాయి, నీకూ తెలుసు. ఒకటి, కింద బిందె లేకుండా పిడి ముట్టుకోకూడదు. నేల మీద నీళ్ళు పారబోస్తే గంగమ్మకి కోపం. రెండు, వరసలో బిందె ఉన్నవాళ్ళదే వంతు. ఎంత గొప్పవాళ్ళయినా సరే, ఒక బిందె నిండగానే తప్పుకుని మళ్ళీ వెనక్కి పోవాలి.

పదకొండింటికి వీధిలో ఉండేది నేనూ, మీ అమ్మా, ఇద్దరు ముసలాళ్ళూ. మా బిందెలు ఇట్టే నిండిపోయేవి. మేం పిడి వదలగానే ఆఫీసులో కంప్యూటర్లు గుడ్లు తేలేసేవి. గురువులు పరిగెత్తుకొచ్చేవాడు.

“అప్పా, కొట్టండే! సారు మీటింగులో ఉన్నారు!”

“కాళీ బిందె నేదు బావూ.”

“పారబోసీసి కొట్టండి!”

“నీ నోట్లో మన్నెట్ట! గంగమ్మ తల్లి ఇన్నాదంటే మీ ఆఫీసు బావి కూడా ఎండిపోతాది!”

గురువులూ మన వైపువాడే కదా. లెంపలు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆఫీసు ఫోన్లు బొగ్గు కరెంటు తాగకూడదని అభినవ్ గారు కొత్త చార్జర్లు ఇచ్చాడు. వాటి మూతి ఆ పచ్చ కన్నాలకే పడుతుంది, ఇళ్ళల్లో గోడలకి పట్టదు. పైగా రాజధాని నుంచి పెద్ద సారు రోజూ పొద్దున్న ఏడింటికి కమిషనరు గారికి ఫోను చేసి సుస్థిరత ఎంతవరకూ వచ్చిందని అడుగుతాడు. ఏడింటికి ఆ ఫోను చచ్చి ఉండేది. మూడు రోజులు చచ్చి ఉండేసరికి నాలుగో రోజు మెమో వచ్చిందట, ‘సుస్థిరత విషయమై కమిషనరు స్పందించుట లేదు’ అని.

ఐదో రోజు తెల్లవారుతుండగా కమిషనరు గారు స్వయంగా తాళంచెవి పట్టుకుని మన వీధిలోకి వచ్చారు. వెనకాల గురువులు, వాడి నెత్తి మీద మీటింగు బల్ల నుంచి ఊడబెరికిన కన్నాల పెట్టె. తీగ ఇంతదూరం లాగితే మధ్యలో శక్తి కారిపోతోందని, పెట్టెనే బోరింగు పక్కన దిమ్మ మీద పాతించారు. అదేనమ్మా నువ్వడిగిన పెట్టె.

తాళం తీశారు. తీసిన చప్పుడికి వీధంతా బిందెలతో దిగింది. కమిషనరు గారు ఫోను కన్నానికి తగిలించి, “ఊ, కానివ్వండి,” అన్నారు.

ఎర్నమ్మ నడుం మీద చెయ్యి వేసింది. “వరసలో మీ బిందేదండీ?”

“నేను కమిషనర్ని.”

“అయితే కమిషనరు గారి బిందెత్తుకు రండి.”

“అమ్మా, నాకు నీళ్ళు అక్కర్లేదు. విద్యుత్తు మాత్రమే.”

“అదెలా కుదురుతాది బాబూ,” అన్నాను నేను మెల్లగా. “నీల్లు ఉప ఉత్పత్తని మీరే సెదివారు కదా. గానుగాడి తెలకపిండి వొద్దంటే ఎవులు ఒప్పుకుంటారు?”

ఆయన గడియారం చూసుకున్నారు. ఏడు కావస్తోంది. చొక్కా చేతులు మడిచారు. మీ అమ్మ లోపలికి వెళ్ళి మా ఖాళీ బిందె తెచ్చి ఆయన చేతికిచ్చింది. వరసలో పెట్టారు. వంతు వచ్చింది. కొట్టారు. బిందె నిండేసరికి ఫోను రెప్పలార్పింది. అంతలో తప్పుకోవాల్సి వచ్చింది.

ఒక బిందెకి ఫోనుకి ఏం సరిపోతుంది? అందుకని ఇంకో బిందె అడిగారు. ఎర్నమ్మ ఇచ్చింది. ఆయన్ని చూసి ఇంజినీరు వచ్చాడు, హెడ్ గుమాస్తా వచ్చాడు, మూడో రోజుకి ఆఫీసంతా వచ్చింది. చొక్కాల మీద చెమట, చేతుల్లో ఫోన్లు, చంకల్లో మన బిందెలు. మేం అరుగుల మీద కూర్చుని చూసేవాళ్ళం. ఖాళీవి అప్పిచ్చేవాళ్ళం, నిండువి వసూలు చేసుకునేవాళ్ళం. నిండిన బిందె పక్కన పెడితే వరసకి అడ్డం కదా, అందుకని ఎవరిది వాళ్ళ గుమ్మంలో పెట్టేసి వెళ్ళేవారు.

“ఇంజినీరు బాబూ, ఆ గుమ్మంలో కాదు, లోపల పొయ్యి పక్కన దించీ,” అనేది ఎర్నమ్మ. దించేవాడు.

అభినవ్ గారు ఇదంతా ఫోటోలు తీసి, కింద ‘అధికారులు ప్రజల వద్దకు’ అని రాసి రాజధానికి పంపాడు.

ఆ వారంలోనే నువ్వు పుట్టావు. మీ అమ్మ ఆసుపత్రికి ఆటోలో వెళ్ళింది, ఆటోలో వచ్చింది. బిందె మాత్రం మళ్ళీ ఎత్తలేదు. పదకొండో రోజున పురిటి స్నానం. బోలెడు నీళ్ళు కావాలి. మా అత్తగారి కాలం నాటి గంగాళం, మనిషి కూర్చుంటే కనపడనంతది, దాన్ని దొర్లించుకెళ్ళి వరసలో పెట్టాను.

అది చూసి అధికారులందరి కళ్ళూ మెరిశాయి. ఎందుకో చెప్పు? కట్టుబాటు ప్రకారం ఏ గిన్నె అయినా ఒక వంతే. గంగాళం ఎవరికి దొరికితే వాళ్ళకి ఫోను నిండేదాకా ఆపకుండా కొట్టే అవకాశం. హెడ్ గుమాస్తా చెయ్యి వేయబోయాడు. కమిషనరు గారు ఒక్క చూపు చూశారు. “పెద్ద సారుతో సమీక్ష ఉందయ్యా,” అన్నారు. గంగాళం ఆయనకే దక్కింది.

ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పిడి. ఏడయింది. ఫోను మోగింది.

“నమస్కారం సార్... లేదు సార్, ఆయాసం కాదు, ఉత్సాహం సార్... వెనకాల ఆ చప్పుడా? అభివృద్ధి సార్... అవును సార్, చేతితోనే నడుపుతున్నాం... క్షేత్రస్థాయిలోనే ఉన్నాను సార్, ఇంతకంటే కిందికి లేదు...”

అప్పుడే లోపల నువ్వు గుక్కపట్టి ఏడ్చావు.

“శిశువు ఏడుపా సార్?” కమిషనరు గారు పిడి ఇంకోసారి నొక్కారు. “లబ్ధిదారు సార్! కొత్తగా చేరింది.”

గంగాళం అంచుదాకా నిండింది. ఆ నీళ్ళు కాచి, పసుపు రాసి, నిన్ను కాళ్ళ మీద వేసుకుని పోశాను. ఊళ్ళో ఎంతమంది పిల్లలు పుట్టి ఉంటారు గానీ, మునిసిపల్ కమిషనరు స్వయంగా కొట్టిన నీళ్ళతో పురిటి స్నానం చేయించుకున్నదానివి నువ్వొక్కదానివే.

తరవాత ఏమైందంటావా? ఆఫీసుకి బహుమతి వచ్చింది. రెండో విడత వచ్చింది, మేడ మీద పలకలు పెట్టారు. తీగా, పళ్ళ చక్రమూ ఊడదీసుకుపోయారు. అభినవ్ గారు ఇంకో ఊళ్ళో కుర్చీలు లేని ఆఫీసు కట్టించడానికి వెళ్ళాడు. పాలరాతి పలకా, ఈ పెట్టే మనకి మిగిలాయి. మళ్ళీ మన నీళ్ళు మనమే కొట్టుకుంటున్నాం. తాళం మాత్రం లేదు.

కానీ అసలు సంగతి ఇప్పుడు విను. కిందటి వేసవిలో బోరింగు మళ్ళీ పాడైంది, గుర్తుందా? పొద్దున్న పోయింది, సాయంత్రానికి బాగయింది. పక్క వీధివాళ్ళ బోరింగు ఏడాదిగా పడే ఉంది. వాళ్ళు ఆఫీసుకెళ్ళి నీళ్ళు రావడం లేదన్నారు. నేనూ వెళ్ళాను. నీళ్ళ మాటే ఎత్తలేదు. “బావూ, జీడిపిక్కల వీధి విద్యుత్ కేంద్రం ఆగిపోనాది,” అన్నాను. ఆఫీసంతా లేచి నిలబడింది. బహుమతి వచ్చిన కేంద్రం కదా, ఆగిపోయిందని పైకి తెలిస్తే ఎవరి కుర్చీ ఉంటుంది?

అందుకే అమ్మడూ, నా తరవాత ఈ మాట గుర్తుపెట్టుకోవలసింది నువ్వే. ఎర్నమ్మ మనవరాళ్ళకి చెప్పు, రేపు నీకు పుట్టేవాళ్ళకి చెప్పు. మన వీధిలో మనం మనం ఉన్నప్పుడు దీన్ని బోరింగు అనండి, గంగమ్మ అనండి, ఏమైనా అనుకోండి. ఆఫీసువాడు కనబడితే మాత్రం ఎవరూ నీళ్ళు అడగకండి. కరెంటు రావడం లేదని చెప్పండి. నీళ్ళు వాటంతటవే వస్తాయి.